ఫాన్ బ్రోడీ కథ మా రూములోకి ఎలా వచ్చిందంటే

పోస్టు కొంచెం పెద్దది. తీరిక చూసుకుని చదవండి.

మేం నలుగురం ఒకే హాస్టల్ రూములో ఉంటాం. పాడేరు వైపు నాలుగు వేరు వేరు ఊళ్లు మావి. మా ఇళ్లల్లో కాలేజీకి వచ్చింది మేమే మొదలు. ఇది నలుగురం కూర్చుని మాట్లాడుకుని రాసింది, అందుకే "మేము" అని రాస్తున్నాం.

మొన్న మాకు క్లాసులో సెమినార్ ఇచ్చారు. ఆదివాసులు ఎక్కణ్ణుంచి వచ్చారని బయటివాళ్లు చెప్పిన కథలు ఏమిటి, వాటిలో నిజమెంత అన్నది టాపిక్. మన గురించి చెప్పే కథలు మనకి తెలిసినవే కదా, వేరే దేశం చూద్దామని అమెరికా ఆదివాసుల గురించి వెతికాం. అలా మోర్మన్ చర్చి కథ దొరికింది.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాం. 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ అనే ఆయన మొదలుపెట్టిన మతం ఇది. బంగారు రేకుల మీద రాసి ఉన్నదాన్ని దేవుడి శక్తితో అనువాదం చేశానని చెప్పి ఆయన ఒక పుస్తకం అచ్చు వేయించాడు. దాని పేరు బుక్ ఆఫ్ మోర్మన్. ఆయన చనిపోయాక 1847లో ఆ మతం వాళ్లు ఎడారి కొండలు దాటి యూటా ప్రాంతానికి వెళ్లి సాల్ట్ లేక్ సిటీ కట్టుకున్నారు.

ఆ పుస్తకంలో లామనైట్లు అని ఒక జాతి ఉంటుంది. వాళ్ల పూర్వీకులు యెరూషలేం నుంచి ఓడలో అమెరికా వచ్చారట. దేవుడి మాట వినకపోవడంతో శాపం తగిలి ఒళ్లు నల్లబడిందట. అమెరికా ఆదివాసులు వాళ్ల సంతతే అని చర్చి చాలా ఏళ్లు బోధించింది. అంటే ఒక జాతి మొత్తం ఏదో తప్పు చేసి అలా అయిపోయిందని! ఇది చదివినప్పుడు మా రూములో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

అక్కడే ఫాన్ బ్రోడీ పేరు కనిపించింది. ఆమె ఆదివాసి కాదు, తెల్లావిడ. 1915లో యూటాలోని ఆగ్డెన్‌లో పుట్టింది. హంట్స్‌విల్ అనే కొండల మధ్య ఊళ్లో పెరిగింది. పుట్టింటి పేరు మెకే. చర్చిలో ఆ ఇంటి పేరు చాలా పెద్దది. నాన్న చర్చి పెద్దల్లో ఒకాయన. పెదనాన్న డేవిడ్ మెకే తర్వాత 1951లో మొత్తం చర్చికే అధ్యక్షుడయ్యాడు. పేరు పెద్దదే గానీ ఇంటి మీద తీర్చలేని అప్పులు. ఇంట్లో మరుగుదొడ్డి లేదని ఆ పిల్ల సిగ్గుపడేదట. ఈ మాట దగ్గర మాకు నవ్వూ వచ్చింది, ఏదోలా కూడా అనిపించింది. మా ఇళ్లకి కాలేజీ ఫ్రెండ్స్ వస్తామంటే మేం ఎందుకు తప్పించుకుంటామో మాకు తెలుసు.

చదువులో గట్టి పిల్ల. 1934లో, పంతొమ్మిదేళ్లు నిండకముందే డిగ్రీ అయిపోయింది. అమెరికా ఆదివాసుల మూలాలు ఆసియాలో ఉన్నాయని శాస్త్రం చెప్తోందన్న సంగతి ఆమెకి చదువుకునే రోజుల్లోనే తెలిసింది. మనకి అది ఒక పాఠం, అంతే. ఆమెకి అలా కాదు. చిన్నప్పటి నుంచి నిజమని విన్న పుస్తకంలో అది అబద్ధమైతే మిగతాది ఏమవ్వాలి? తర్వాత పై చదువుకి చికాగో యూనివర్సిటీకి వెళ్లింది. అక్కడ ఆ నమ్మకం పూర్తిగా పోయింది. 1936లో బెర్నార్డ్ బ్రోడీ అనే యూదు కుర్రాణ్ణి పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లి రెండు ఇళ్లకీ నచ్చలేదు.

నమ్మకం పోయినవాళ్లు చాలామంది ఊరుకుంటారు. ఈమె ఊరుకోలేదు. అసలు జోసెఫ్ స్మిత్ ఎవరు, ఆ పుస్తకం ఎలా పుట్టింది అని ఏళ్ల తరబడి పాత కాగితాలు, పాత పేపర్లు వెతికింది. చంటిబిడ్డని పెంచుకుంటూ రాసింది. 1945లో ఆయన జీవిత చరిత్ర అచ్చయింది. పేరు నో మ్యాన్ నోస్ మై హిస్టరీ. మరుసటి ఏడాది 1946లో చర్చి ఆమెని విచారణకి పిలిచింది. ఆమె వెళ్లలేదు. చర్చి నుంచి వెలి వేశారు. మళ్లీ చేర్చుకోమని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఇంటివాళ్లలో ఆమెకి ధైర్యం చెప్పినవాడు మేనమామ డీన్ బ్రిమ్‌హాల్. వెలి మాట చదివితే మనకి వెంటనే ఊరు గుర్తొస్తుంది కదా. వెలి అంటే దేవుడు దూరమవడం కాదు, పెళ్లికి పిలవకపోవడం, చావుకి రాకపోవడం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. మా నలుగురిలో ఒకమ్మాయి ఉంది. తన గురించి రాయమని తనే చెప్పింది, పేరు మాత్రం వద్దంది. తన చిన్నప్పుడు వాళ్లమ్మకి పెద్ద జబ్బు చేసింది. ఊరికి రోడ్డు లేదు. ప్రార్థన చేసే వాళ్లే డోలీ కట్టి కిందికి మోసుకెళ్లారు. అమ్మ బతికింది. అప్పటి నుంచి ఆ ఇల్లు చర్చికి వెళ్తోంది. అందులో తప్పేమీ లేదు. మోసిన భుజాలని ఎవరు మర్చిపోతారు?

కానీ వాళ్ల తాత అంతకుముందే చనిపోయాడు. ఇటుకల పండక్కి డప్పు ఆయనే మొదలుపెట్టేవాడట. ఆయన దేవుణ్ణి తెలుసుకోకుండా పోయాడు గనక నరకంలో ఉన్నాడని ఎవరో పెద్దమనిషి ప్రార్థనలో అన్న మాట ఈ పిల్లకి ఎనిమిదేళ్లప్పుడు చెవిలో పడింది. పన్నెండేళ్లు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. హాస్టల్‌కి వచ్చాక మెల్లగా ప్రార్థన మానేసింది. సెలవులకి ఇంటికెళ్తే మాత్రం అమ్మ పక్కన కూర్చుని కళ్లు మూసుకునేది. లామనైట్ల శాపం గురించి చదివిన రాత్రి అదంతా మాకు చెప్పి ఏడ్చింది. "మా తాతని కూడా అలాగే రాసేశారు" అంది.

మాలో మిగతా ముగ్గురిలో ఒకమ్మాయి ఇంట్లో పాత దేవతలనే కొలుస్తారు, ఇంకొకమ్మాయి వాళ్లు భజనకి వెళ్తారు, ఇంకొకమ్మాయికి నిజంగానే యేసు మీద నమ్మకం. ఆ యేసుని నమ్మే అమ్మాయే ముందు అంది: "మీ తాత గురించి ఆ మాట దేవుడు చెప్పలేదు, ఒక మనిషి చెప్పాడు. మీ అమ్మకి చెప్పు."

పోయిన సెలవుల్లో చెప్పింది. నమ్మకం లేదని, తాత గురించి ఆ మాట భరించలేనని. వాళ్లమ్మ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. వంట చేసింది, పెట్టింది, అంతే. బయలుదేరే రోజు బస్సు దగ్గర రాజ్‌మా మూట చేతిలో పెట్టి, "నువ్వు చెయ్యకపోతే ఏటి, నీ పేరు చెప్పి నేనే చేస్తాను. మీ తాత మంచోడే. ఆ మాట నాకూ నచ్చలేదు" అందట. ఇన్నేళ్లూ ఆ అమ్మ కూడా అదే ముల్లు మింగుకుని కూర్చుందన్నమాట! ఇంకా అంతా సర్దుకోలేదు. చర్చి పెద్దలకి తెలిస్తే ఏమంటారో అని అమ్మకి భయమే.

ఇది ఏ మతాన్నీ తిట్టడానికి రాయలేదు. గొడవ పెట్టే కామెంట్లు దయచేసి వద్దు. మేం చెప్పేది ఒకటే. ఎవరి నమ్మకం వాళ్లది. కానీ మన తాతముత్తాతలు శాపం తగిలినవాళ్లని ఏ పుస్తకం చెప్పినా, ఎవరు చెప్పినా ఒప్పుకోవాల్సిన పని లేదు. ఆ మోర్మన్ పుస్తకం ముందుమాటలో ఆదివాసులకి లామనైట్లే ముఖ్య పూర్వీకులు అని ఉండేది. 2006లో "పూర్వీకుల్లో ఒకరు" అనే అర్థం వచ్చేలా మార్చారు. ఫాన్ బ్రోడీ 1981లోనే చనిపోయింది, అది చూడలేదు.

చర్చి నడిపిన ఒక కార్యక్రమం కింద వేల మంది ఆదివాసీ పిల్లలు, ఎక్కువగా నవాహో పిల్లలు, బడి రోజుల్లో మోర్మన్ ఇళ్లల్లో ఉండి చదువుకున్నారు. 1947లో మొదలై 2000 వరకు నడిచింది. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఆ పిల్లలు అమ్మతో ఏం చెప్పుకున్నారో, ఏం దాచుకున్నారో అని మేం అనుకుంటూనే ఉన్నాం. వచ్చే సెమినార్ దాని మీదే చేస్తాం.

మీలో ఎవరైనా ఇంట్లో చెప్పలేక మోస్తున్న మాట ఉంటే, ముందు ఒక రూమ్మేట్‌కైనా చెప్పండి. మా రూములో అలాగే మొదలైంది.

జై ఆదివాసీ. జోహార్.