విశాఖలో బస, రైలులో విహారం

సెలవు అనే మాట వినగానే పల్లెలో ఉండే మనకు రెండు భయాలు కలుగుతాయి. మొదటిది డబ్బు. రెండవది ఇల్లు, గొడ్డు, పొలం ఎవరికి అప్పగించాలన్నది. ఈ రెండిటి వలన చాలా కుటుంబాలు పెళ్ళికో, ఆసుపత్రికో తప్ప అందరూ కలిసి ఊరు దాటి వెళ్ళవు. వెళ్ళినవారు కూడా నాలుగు రోజుల్లో నాలుగు ఊళ్ళు చుట్టి, ప్రతి రాత్రీ కొత్త గదిలో సామాను విప్పి, తెల్లవారగానే మళ్ళీ కట్టి, ఇంటికి వచ్చాక రెండు రోజులు పడుకుంటారు. అది విశ్రాంతి కాదు, మరొక పని.

ఇందుకు సులువైన పద్ధతి ఒకటి ఉంది. ఒకే పట్టణంలో బస చేసి, పొద్దున్నే రైలెక్కి ఒక చోటు చూసి, రాత్రికి అదే గదికి తిరిగి రావడం. సామాను ఒక్కసారే విప్పుతాము. చేతిసంచీ, మంచినీళ్ళు తప్ప మోసేది ఉండదు. ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే ఆ రోజు వారు గదిలోనే ఉండిపోవచ్చు. మేము ఆరుగురం, అంటే మా ఇద్దరితోబాటు ముగ్గురు పిల్లలు, వారి మామ్మ, ఈ పద్ధతిలో విశాఖపట్నంలో ఐదు రోజులు గడిపి వచ్చాము. మా వంటి కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఆ ఏర్పాట్లు ఇక్కడ వ్రాస్తున్నాము.

ఎందుకు వెళ్ళాలనుకున్నాము

మాది కోనసీమ. పెద్దమ్మాయి ఇంటర్మీడియెట్ ముగించి నర్సింగు చదువుకు హాస్టలుకు వెళ్ళబోతున్నది. ఆ తరువాత రెండవవాడు. ఆరుగురం ఒకే కప్పు క్రింద ఉండే సంవత్సరం ఇదే చివరిదని మాకు తెలుసు. మామ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. “నన్నొదిలెయ్యండి, నేను ఇంటికాడ కోళ్ళనీ గేదెనీ చూసుకుంటాను. ఆ డబ్బులు పిల్ల ఫీజుకి దాచండి” అన్నది ఆమె మాట.

ఆమె మాటలో న్యాయం ఉంది. అందుచేత ముందు ఫీజు డబ్బు విడిగా తీసి బ్యాంకులో వేశాము. ఒక దింపు కొబ్బరికాయల మీద వచ్చిన డబ్బు మాత్రమే ప్రయాణానికి అని నిర్ణయించుకొని, పిల్లల నోటుపుస్తకంలో నాలుగు గడులు గీశాము: రైలు, గది, తిండి, ఆటోలు. చివర ఒక చిన్న మొత్తం ముట్టుకోకుండా ఉంచాము. ముందు చూడవలసిన ఊళ్ళు వ్రాసి తరువాత డబ్బు వెదకడం కాక, ముందు డబ్బు వ్రాసి దానిలో ఇమిడే ఊళ్ళు ఎంచుకోవడం మంచిది. గేదెను పక్కింటివారు చూస్తామన్నారు, వారు వెళ్ళినప్పుడు వారి పశువులను మేము చూసే ఒప్పందం మీద. ఇక మామ్మకు సాకు లేకపోయింది.

రైలు, గది

ఇప్పుడు రిజర్వేషను ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతుంది. 2024 నవంబరుకు ముందు ఇది 120 రోజులు ఉండేది. సంక్రాంతి, దసరా సెలవులలో వెళ్ళేవారు ఆ 60వ రోజునే టిక్కెట్టు తీసుకోవాలి. ఐదేళ్ళలోపు పిల్లలకు టిక్కెట్టు అక్కరలేదు. ఐదు నుండి పన్నెండేళ్ళలోపు వారికి బెర్తు వద్దనుకుంటే సగం ఛార్జీ, బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. వృద్ధులకు ఇచ్చే ఛార్జీ రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు కనుక దానిని లెక్కలో వేసుకోవద్దు. అయితే రాత్రి ప్రయాణం చేసేవారు ఫారంలో వయస్సు సరిగా వ్రాయాలి. అరవై దాటిన మగవారికి, నలభై ఐదు దాటిన స్త్రీలకు ఖాళీని బట్టి క్రింది బెర్తు దొరుకుతుంది.

మరొక సంగతి. విశాఖపట్నం స్టేషనును మన పెద్దలు ఇప్పటికీ వాల్తేరు అంటారు. కొన్ని దూరప్రయాణపు రైళ్ళు ఆ స్టేషనులోనికి వెళ్ళకుండా దువ్వాడ మీదుగా సాగిపోతాయి. టిక్కెట్టు తీసుకునేటప్పుడు రైలు విశాఖ వెళుతుందో, దువ్వాడలోనే దింపుతుందో చూసుకోవాలి. దువ్వాడలో దిగితే ముసలివారితో, సామానుతో మళ్ళీ ఆటో వెదుక్కోవాలి.

గది విషయంలో మా సలహా ఒక్కటే. సముద్రం కనిపించే గది కన్నా స్టేషనుకు దగ్గరి గది మేలు. తెల్లవారుజామున రైలు అందుకోవాలి, రాత్రి అలిసిపోయి తిరిగి రావాలి. స్టేషనులోనే రైల్వేవారి విశ్రాంతి గదులున్నాయి. రిజర్వేషను టిక్కెట్టు ఉన్నవారు వాటిని ముందుగా బుక్ చేసుకోవచ్చు. దొరకనివారు చుట్టుపక్కల వసతి గృహాలను విచారించాలి. మేము లిఫ్టు లేని చోట క్రింది అంతస్తు గది అడిగి తీసుకున్నాము.

మొదటి రెండు రోజులు: పట్టణం

రాజమండ్రిలో రైలెక్కి శనివారం మధ్యాహ్నానికి విశాఖ చేరాము. ఆ రోజు ఏ కార్యక్రమమూ పెట్టుకోలేదు. సాయంకాలం రామకృష్ణా బీచికి వెళ్ళి ఇసుకలో కూర్చున్నాము. మేము సముద్రానికి కొత్తవాళ్ళం కాదు, అయినా ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ తీరం చూడడానికి ప్రశాంతంగా ఉన్నా లోపలికి లాగే ప్రవాహాలు బలమైనవి. పిల్లలను పాదాలు తడిసేంత వరకే వదలండి. ఈతకు దిగవద్దు.

ఆ రోడ్డు మీదనే కురుసుర అనే జలాంతర్గామి ఉంది. అది 1969 నుండి 2001 వరకు మన నౌకాదళంలో పనిచేసింది. 2002లో దానిని ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చారు. లోపల దారి ఇరుకు, గుమ్మాలు గుండ్రంగా, చిన్నవిగా ఉంటాయి, వంగి కాలెత్తి దాటాలి. మోకాళ్ళ నొప్పులవారు బయట కూర్చొనడమే మంచిది. అన్ని రోజులూ తెరచి ఉండదు కనుక సెలవు రోజు ముందుగా అడిగి తెలుసుకోండి.

ఆదివారం పాత పట్టణంలో ఆరాధనకు వెళ్ళాము. మన సంఘాలవారికి ఈ పట్టణంతో ఒక సంబంధం ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ దేగ్రాంజ్ అనే ఇద్దరు ఇక్కడ దిగి, తెలుగు నేర్చుకొని, ఆనందరాయరు అనే తెలుగువారి సహాయంతో సువార్తలను తెలుగులోనికి మార్చే పని ఆరంభించారు. కొద్ది సంవత్సరాలకే ఇద్దరూ కన్నుమూశారు. ఆ సంగతి చెబితే పిల్లలు ఇరుకు వీధులను కొంచెం శ్రద్ధగా చూశారు. ఓడరేవు దగ్గర మూడు కొండలు ప్రక్కప్రక్కనే ఉంటాయి. ఒకదాని మీద రోమన్ కథోలికుల గుడి, మరొకదాని మీద దర్గా, మూడవదాని మీద వేంకటేశ్వరుని ఆలయం. ఓడలను చూడాలనుకునే పిల్లలకు ఆ ప్రాంతం బాగుంటుంది.

మూడవ రోజు: విజయనగరం

రైలు విహారాన్ని దగ్గరి ఊరితో ఆరంభించడం మంచిది. విజయనగరం విశాఖకు దాదాపు 60 కిలోమీటర్లు. రోజంతా రైళ్ళుంటాయి. ప్యాసింజరు అయితే గంటన్నర పట్టవచ్చు. ముందుగా రిజర్వేషను అక్కరలేదు, కౌంటరు దగ్గర సాధారణ టిక్కెట్టు తీసుకొని ఎక్కవచ్చు. ఎంతమంది నడవగలరు, ఎవరికి ఎన్ని గంటలకు ఆకలి వేస్తుంది, మామ్మ ప్లాట్‌ఫారం మెట్లు ఎక్కగలదా అనేవి ఈ చిన్న ప్రయాణంలో తెలిసిపోతాయి.

అక్కడ 1713లో పునాది వేసిన కోట ఉంది. గంటస్తంభం ప్రక్క బజారు ఉంది. గురజాడ అప్పారావుగారు నివసించిన ఇల్లు ఉంది. పాఠ్యపుస్తకంలో చదివిన పేరును ఒక ఇంటి గోడ మీద చూసినప్పుడు పిల్లలకు చదువు మీద మరొక రకమైన గురి కుదురుతుంది. 1919లో స్థాపించిన సంగీత కళాశాల కూడా ఇక్కడే. దాని మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఘంటసాలగారు చదువుకున్నది ఇక్కడే అని తెలిసి మామ్మ లోపలికి తొంగి చూసింది. మధ్యాహ్నం భోజనం చేసి, చీకటి పడక ముందే గదికి చేరాము.

మంగళవారం ఖాళీగా ఉంచాము. ఉతుకులు, నిద్ర, సాయంకాలం మళ్ళీ సముద్రం. తీరిక లేని సెలవులో పెద్దవారు అలుస్తారు, చిన్నవారు విసుగుతారు. ఖాళీ రోజును దయచేసి దేనితోనూ నింపవద్దు. ఆ మధ్యాహ్నమే పెద్దమ్మాయి మామ్మ కాళ్ళకు నూనె రాస్తూ, హాస్టలు అంటే తనకు భయంగా ఉన్నదని మొదటిసారి చెప్పింది. ఇంటి దగ్గర పనుల మధ్య ఆ మాట మా చెవిన పడేది కాదు.

ఐదవ రోజు: అరకు

అరకు ప్రయాణాన్ని చివరకు ఉంచాలి, వారం మధ్యలో పెట్టుకోవాలి. శని ఆదివారాలలో జనం ఎక్కువ. కిరండూలు వెళ్ళే ప్యాసింజరు పొద్దున్నే బయలుదేరుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో జపాను సహకారంతో వేసిన మార్గమిది. 2017 నుండి అద్దాల పెట్టె కూడా నడుస్తున్నది. దానికి విడిగా రిజర్వేషను, ఎక్కువ ఛార్జీ. సాధారణ పెట్టెలోనూ కిటికీ ఉంటుంది కదా అని మేము అందులోనే కూర్చున్నాము.

కొత్తవలస, శృంగవరపుకోట దాటాక రైలు కొండ ఎక్కుతుంది. ఈ మార్గం మొత్తం మీద యాభైకి పైగా సొరంగాలున్నాయి. పిల్లలు వంతులవారీగా కిటికీ దగ్గర కూర్చొని లెక్కపెట్టారు. మా కోనసీమలో కొండ అన్నదే లేదు. మూడవ సొరంగంలో చీకటి పడగానే మామ్మ పెద్దమ్మాయి చెయ్యి పట్టుకొని, “బుల్లీ, కొండ కడుపులోంచి పోతన్నామంటే మనూళ్ళో ఎవరూ నమ్మరే” అన్నది. సిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. కాశ్మీరు రైలుమార్గం రాకముందు మన దేశంలో ఇంత ఎత్తున బ్రాడ్‌గేజి స్టేషను లేదని చెప్పుకునేవారు.

ఒక చిక్కు ఉంది. బొర్రా గుహలు, అరకు రెండూ ఒకే రోజున నిదానంగా చూడడం ముసలివారితో కష్టం. గుహలలో మెట్లు చాలా ఉన్నాయి. అందుచేత మేము రెండు భాగాలయ్యాము. ఇంటాయన, పెద్ద పిల్లలిద్దరూ బొర్రా గుహల స్టేషనులో దిగి, సున్నపురాయిలో నీరు చెక్కిన ఆ వింత ఆకారాలను చూశారు. మిగిలిన ముగ్గురూ అరకు వెళ్ళి గిరిజన ప్రదర్శనశాల, పద్మాపురం తోట చూసి, కాఫీ త్రాగి కూర్చున్నారు. సాయంకాలం తిరుగు రైలులో అరకులో ఎక్కినవారు ఇంజను నుండి ఎన్నో పెట్టెలో ఉండాలో ముందే మాట్లాడుకున్నాము. కొండలలో ఫోను సరిగా పలకదు. బొర్రాలో ఆ పెట్టె దగ్గరే మళ్ళీ కలిశాము. అందరూ అన్నీ చూసి తీరాలనే పట్టుదల లేకపోతే ఎవరికీ కష్టం కలుగదు.

ఈ తిరుగు రైలు చాలా దూరం నుండి వస్తుంది, ఆలస్యం కావచ్చు. పులిహోర, అరటిపండ్లు, టార్చిలైటు, శాలువాలు దగ్గర ఉంచుకోండి. శీతాకాలంలో అరకు చలి మన చలి కాదు. వర్షాకాలంలో కొండచరియలు పడి ఒక్కోసారి రైళ్ళు ఆగుతాయి. ఆ నెలలలో వెళ్ళేవారు ముందు రోజే స్టేషనులో విచారించాలి.

గురువారం ఉదయం రైలులో ఇంటికి బయలుదేరాము. నోటుపుస్తకంలో ముట్టుకోని మొత్తం అలాగే మిగిలింది. దానితో పెద్దమ్మాయికి హాస్టలుకు ఒక మంచి దుప్పటి కొన్నాము.

విశాఖ దూరమైనవారు విజయవాడనో, తిరుపతినో, సికింద్రాబాదునో బసగా పెట్టుకొని ఇదే పద్ధతి పాటించవచ్చు. ఒక బస, రెండు రైలు విహారాలు, ఒక ఖాళీ రోజు, ముందే గీసుకున్న లెక్క ఉంటే చాలు. ఇంట్లో పెద్దవారు “నన్నొదిలెయ్యండి” అంటే ఆ మాటను వెంటనే ఒప్పుకోవద్దు. వారు కూర్చొని చూడగలిగేవి ఏవో వెదకి, ప్రయాణాన్ని వాటి చుట్టూ ఏర్పాటు చేయండి. పిల్లలు ఇల్లు విడిచిపోయే సంవత్సరం ఏదో ప్రతి ఇంటికీ తెలుసు. ఆ సంవత్సరానికి ముందే ఆ నాలుగు రోజులు కుదుర్చుకోండి.