ఇప్పుడే కొందామా... ఇంకొంచెం ఆగుదామా?

*పానగల్లు గుడి నీడ దగ్గర మొదలై, బాదేపల్లి మార్కెట్‌ మీదుగా, పాలమూరు మర్రిచెట్టు దాకా... ఓ గ్రాఫిక్స్‌ కార్డు వెంట ప్రయాణం ఇది.*

నల్గొండ అనగానే ఏం గుర్తొస్తాయి? బత్తాయి తోటలు, నాగార్జునసాగర్‌, పోచంపల్లి చీరలు. మరి మహబూబ్‌నగర్‌ అంటే? పిల్లలమర్రి, బాలానగర్‌ సీతాఫలాలు, ఊళ్లు దాటిన వలస బతుకులు. 2016లో ఈ రెండు పాత జిల్లాలూ ముక్కలై కొత్త జిల్లాలయ్యాయి. ఇళ్లలో మాటలూ మారాయి. బీటెక్‌ చదివే పిల్లలున్న ఇంటికి వెళ్లి చూడండి. వానలు, పంటల ముచ్చట అయిపోగానే మెల్లగా ఓ కొత్త పేరు బయటికొస్తుంది... గ్రాఫిక్స్‌ కార్డు!

'నాయనా, కార్డు కొనియ్యవా' అని కొడుకు అడుగుతాడు. 'పాత మోడల్‌ తక్కువకు వస్తదంట కదరా' అంటాడు తండ్రి. 'ఇంకో ఆర్నెల్లాగితే కొత్తదే వస్తది, గంత తొందరేంది' అంటుంది తల్లి. ముగ్గురి మాటా నిజమే. అందుకే నిర్ణయం తేలదు!

మామూలు కార్డు కొత్తది కొనాలంటే 2025లో ముప్పై వేల రూపాయలకు అటూ ఇటూ పెట్టాల్సి వచ్చింది. ఈ మెట్ట నేలల్లో ఎకరం పత్తికి పెట్టే పెట్టుబడికి అది దాదాపు సమానం. తప్పు కార్డు కొంటే ఓ పంట పోయినట్టే. మరి ఎలా తేల్చుకోవాలి? నల్గొండ నుంచి మహబూబ్‌నగర్‌ దాకా ఓసారి తిరిగొద్దాం. దారిలోనే చాలా జవాబులు దొరుకుతాయి.

నీడ చెప్పే పాఠం

నల్గొండ గడియారం సెంటర్‌ నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో పానగల్లు. ఉదయసముద్రం చెరువు, పచ్చని పొలాలు, వాటి మధ్య ఛాయా సోమేశ్వరాలయం. కందూరు చోళుల కాలంనాటి త్రికూటాలయమిది. ఓ గర్భగుడిలో శివలింగం వెనక నిలువునా స్తంభం నీడ పడుతుంది. సూర్యుడు తూర్పున ఉన్నా పడమటికి వాలినా... పగలంతా ఆ నీడ కదలదు! పోనీ ఎదురుగా స్తంభం ఉందా అంటే, ఆ నీడకు సరిగ్గా ఎదురుగా ఏదీ ఉండదు. వెలుగు పలు వైపుల నుంచి చెదిరి లోపలికి వచ్చేలా శిల్పులు స్తంభాలను అమర్చారనీ, ఆ కాంతి పరిక్షేపణంతోనే నీడ నిలకడగా ఉంటుందనీ భౌతికశాస్త్రం తెలిసినవారు వివరిస్తారు.

గ్రాఫిక్స్‌ కార్డు చేసే పనీ ఇలాంటిదే. తెరమీద బొమ్మలో వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది, దేన్ని తాకి ఎటు మళ్లుతుంది, నీడ ఎక్కడ పడుతుంది... సెకనుకు కొన్ని పదులసార్లు లెక్కగట్టి చూపిస్తుంది. కాంతి కిరణాల వెంటపడి లెక్కించే ఈ పద్ధతిని 'రే ట్రేసింగ్‌' అంటారు. మామూలు ఇళ్లలో వాడే కార్డుల్లో దీనికోసం ప్రత్యేక భాగాలు పెట్టి ఎన్విడియా సంస్థ 2018లో ఆర్‌టీఎక్స్‌ 20 వరుసను తెచ్చింది. అంతకుముందు తరం కార్డుల్లో ఆ భాగాలు లేవు.

ఇక్కడే మొదటి జవాబు. 2016లో వచ్చిన జీటీఎక్స్‌ 1060 లాంటివి సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా దొరుకుతాయి. కానీ ఆ తరం కార్డులకు కొత్త గేమ్‌ల కోసం తీర్చిదిద్దే డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. భద్రత కోసం ఇచ్చే సవరణలు మాత్రం 2028 అక్టోబరు వరకూ వస్తాయని కంపెనీ చెప్పింది. అంటే... పాతది అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ధర తగ్గిన పాతదానికీ, కాలం చెల్లిన పాతదానికీ తేడా ఉంది. మొదటిది బేరం. రెండోది బరువు!

ఎండ... కరెంటు బిల్లు

నల్గొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల వైపు సాగితే దారి పొడవునా ఎర్ర చెల్కలు, గుండ్రాళ్ల గుట్టలు. వేసవిలో ఆ రాళ్లు పొద్దుగూకినా సెగలు కక్కుతూనే ఉంటాయి. నల్గొండలో మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్తేం కాదు. కార్డుకు ఉండే చిన్న ఫ్యాన్లు గదిలో గాలినే లాక్కుని దాన్ని చల్లబరుస్తాయి. గదే పొయ్యిలా ఉంటే పాపం అవేం చేస్తాయి? వేడి మితిమీరగానే కార్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దుమ్ము చేరితే ఇంకా కష్టం. ఎంత ఎక్కువ కరెంటు తాగే కార్డయితే అంత ఎక్కువ వేడి. కాబట్టి ఇక్కడివారు వేగం కంటే ముందు వాట్లు చూడాలి.

2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్‌ 3080 ఒకప్పుడు మహారాజు. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో ఊరించే ధరకు కనబడుతుంది. అది పూర్తి బరువు మీద తినేది 320 వాట్లు... నాలుగు సీలింగ్‌ ఫ్యాన్లతో సమానం. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్‌ 4060కి 115 వాట్లు చాలు. రోజుకు నాలుగు గంటల చొప్పున నెలంతా వాడితే మొదటిది 38 యూనిట్లు, రెండోది 14 యూనిట్లు కాలుస్తాయి.

'ఇరవై నాలుగు యూనిట్లేగా' అనుకోకండి. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. ఆ గీత దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఇంట్లో నెలకు 180 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. 14 కలిస్తే 194... బిల్లు సున్నా. 38 కలిస్తే 218... వెయ్యి రూపాయలకు పైగా కట్టాలి! కొన్నప్పుడు మిగిలిన డబ్బును మీటరు నెలనెలా వెనక్కి లాగేసుకుంటుంది.

ఇంకోటి. కంప్యూటర్‌ పక్కన పెట్టుకునే చిన్న 600 వీఏ యూపీఎస్‌ సాధారణంగా 360 వాట్ల దాకా మోస్తుంది. 3080కి 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ కావాలని కంపెనీయే చెప్పింది. కార్డు చౌకగా తెచ్చి, దానికోసం ఎస్‌ఎంపీఎస్‌, యూపీఎస్‌ మార్చాల్సి వస్తే అదేం బేరం?

బాదేపల్లి లెక్క

జడ్చర్లలో బస్సు దిగితే బాదేపల్లి మార్కెట్‌. పల్లీ, మక్క, పత్తి... సీజన్‌ను బట్టి కుప్పలు మారతాయి. ఇక్కడి రైతులకు 'ఇప్పుడా, ఆగడమా' అన్న ప్రశ్న కొత్తది కాదు. 2022 ఆరంభంలో తెలంగాణ మార్కెట్లలో పత్తి క్వింటాల్‌ పది వేలు దాటింది. తరవాతి సీజన్లోనూ అదే ధర వస్తుందని ఎందరో రైతులు పత్తిని ఇళ్లలోనే నిల్వ చేసుకున్నారు. ధర రాలేదు సరికదా, కిందికి జారింది. ఆగడం కూడా ఓ పందెమే!

కార్డులదీ అదే కథ. 2021లో కరోనా కొరత ఒకవైపు, ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ తవ్వేవాళ్ల ఎగబాటు మరోవైపు... ప్రపంచమంతా కార్డుల ధరలు ఆకాశానికెక్కాయి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం తన పద్ధతి మార్చుకుంది. కార్డులతో తవ్వకం అవసరం లేకుండా పోయింది. తవ్వకాల్లో రాత్రీ పగలూ నలిగిన కార్డులు సెకండ్‌హ్యాండ్‌ మార్కెట్లోకి పోటెత్తాయి. అప్పటిదాకా ఓపిక పట్టినవాళ్లు గెలిచారు. కానీ 2025 చివర్లో కథ అడ్డం తిరిగింది. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోవడంతో ర్యామ్‌ ధరలు భగ్గుమన్నాయి. గ్రాఫిక్స్‌ కార్డులోనూ మెమరీ ఉంటుంది కదా! 'వచ్చే దసరాకు తగ్గుతుందిలే' అన్న పాత ధీమా ఇక పనికిరాదు.

కొత్త మోడల్‌ వస్తే ధర కూలుతుందా? మధ్యతరగతి కార్డుల విడుదల ధరలు చూడండి. 2021లో 3060కి 329 డాలర్లు. 2023లో 4060కి 299. 2025లో 5060కీ అదే 299. నాలుగేళ్లలో తగ్గింది ముప్పై డాలర్లే. ఆగితే వచ్చేది ప్రధానంగా వేగం, హంగులు. ధరలో పెద్ద తేడా కాదు.

ఇందులో ఓ తమాషా ఉంది. 2021 నాటి 3060లో 12 జీబీ మెమరీ. తరవాత వచ్చిన 4060లోనూ, 5060లోనూ 8 జీబీయే! గేమ్‌ల వేగంలో కొత్తవి ముందుంటాయి. కానీ కృత్రిమ మేధ మోడళ్లతో ప్రయోగాలు చేసేవారికి, త్రీడీ బొమ్మలు చేసేవారికి మెమరీ ఎక్కువున్న పాతదే అక్కరకొస్తుంది. అయితే 3060లో 8 జీబీ రకమూ 2022లో వచ్చింది. పెట్టెమీద అంకె చూడకుండా డబ్బులివ్వకండి. ఇంటెల్‌ 2024 డిసెంబరులో తెచ్చిన ఆర్క్‌ బీ580లో 12 జీబీ, ఏఎండీ 2025లో తెచ్చిన 9060 ఎక్స్‌టీలో 16 జీబీ దాకా ఉన్నాయి. కానీ కాలేజీ పాఠాలు, సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా ఎన్విడియా వారి 'కూడా' పద్ధతి మీదే నడుస్తాయి. ఈ సంగతి లెక్చరర్‌నే అడగడం మంచిది.

మర్రిచెట్టు ముందు

మహబూబ్‌నగర్‌ పట్టణానికి కాస్త దూరంలోనే పిల్లలమర్రి. ఏడెనిమిది వందల ఏళ్ల వయసు, మూడెకరాల నీడ. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే 2018లో ఈ మహావృక్షానికి సెలైన్‌ సీసాలతో మందెక్కించారు. ఊడలకు ఆసరాలు కట్టారు. పాతదైనా విలువైందైతే కాపాడుకోవాలనే కదా! ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌కూ ఇదే వర్తిస్తుంది. దుమ్ము దులిపి, థర్మల్‌ పేస్టు మార్పించి, హార్డ్‌డిస్క్‌ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయిస్తే చాలామందికి ఇంకో ఏడాది హాయిగా గడిచిపోతుంది.

ఈ జిల్లాల పిల్లలకు కార్డు ఆట వస్తువు మాత్రమే కాదు. నల్గొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, ఇక్కడ పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. 2023లో మహబూబ్‌నగర్‌ పక్కన దివిటిపల్లిలో, నల్గొండలో ఐటీ టవర్లు తెరిచారు. పొట్టకూటికి తట్టా పారా పట్టుకుని ముంబయి, పుణెలకు పోయిన తాతల మనవలు సొంతూళ్లోనే కంప్యూటర్‌ ముందు కూర్చోవాలని కలగంటున్నారు. ఆ కలకు పనిముట్టు అడిగితే 'ఆటలకే కదా' అని కొట్టిపారేయలేం. అలాగని అప్పుచేసి కొనాల్సిన పనీ లేదు. నేర్చుకునే దశలో గూగుల్‌ కొలాబ్‌లో పరిమితంగానైనా గ్రాఫిక్స్‌ ప్రాసెసర్‌ను ఉచితంగా వాడుకోవచ్చు. ఇంటర్నెట్‌ ఉంటే చాలు. ముందు అక్కడ ఓ సెమిస్టర్‌ పనిచేయనివ్వండి. ఉచితంగా దొరికే గంటలు నిజంగానే చాలడం లేదంటే... అప్పుడు కార్డు అవసరమే!

'నిదానమే ప్రధానం' అన్నారు. 'ఆలస్యం అమృతం విషం' అనీ అన్నారు. రెండూ మన సామెతలే. ఏది ఎప్పుడు వాడాలో తేల్చేది మార్కెట్‌ కాదు, మన పని. ప్రాజెక్టుకు గడువు ఉన్నవాళ్లు, పని ఆగిపోయినవాళ్లు వారంటీ ఉన్న పాత మోడల్‌ను ఇప్పుడే తీసుకోవచ్చు. కేవలం గేమ్‌ల కోసమే అయితే, ఉన్నదానితో నడుస్తుంటే ఆగవచ్చు. ఆగే రోజుల్లో డబ్బు పక్కన పెట్టుకుంటూ పోవాలి. అప్పుడే ఆ ఆగడానికి అర్థం.

కొనేముందు చూసుకోండి

* కొత్త పాత మోడల్‌ అయితే జీఎస్టీ బిల్లు, ఎన్నేళ్ల వారంటీ, దాన్ని ఎవరిస్తారు... మూడూ అడగండి.
* సెకండ్‌హ్యాండ్‌ అయితే అసలు బిల్లు, సీరియల్‌ నంబరు సరిపోల్చండి. కనీసం అరగంట బరువైన గేమ్‌ నడిపించి వేడి, ఫ్యాన్ల చప్పుడు గమనించండి.
* మీ ఎస్‌ఎంపీఎస్‌ వాట్లు, క్యాబినెట్‌ లోపలి కొలత రాసుకుని వెళ్లండి.
* 2025 సెప్టెంబరు 22 నాటి జీఎస్టీ తగ్గింపు గ్రాఫిక్స్‌ కార్డులకు వర్తించలేదు. వాటిపై అప్పుడూ ఆ తరవాతా 18 శాతమే. 'పన్ను తగ్గింది కాబట్టి తగ్గించాం' అంటే నమ్మకండి.

ఎలా వెళ్లాలి?

ఎక్కువ రకాలు చూసి బేరమాడాలంటే సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లోని చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌కు... అదే, అందరూ పిలిచే సీటీసీకి వెళ్లాల్సిందే. నల్గొండ, మహబూబ్‌నగర్‌ రెండూ హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్లే. రెండు చోట్ల నుంచీ బస్సులూ రైళ్లూ ఉన్నాయి. పొద్దున బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. నాలుగు షాపుల్లో ధర అడగకుండా మాత్రం సంచి విప్పకండి!