మేడ మీద పోర్షన్

2024 అక్టోబరు 12, శనివారం. దసరా.

హుద్‌హుద్ తుఫాను వచ్చి ఇవాళ్టికి పదేళ్ళు. 2014లో ఈ తేదీ ఆదివారం పడింది. ఎదురింటి పెద్దాయన స్కూటరుకి పసుపూ కుంకుమా పెడుతూ "చెల్లెమ్మా, గుర్తుందా?" అన్నారు. మరిచిపోతే కదా!

మేం విజయనగరంలో గాజులరేగ దాటాక ఈ ఇల్లు కట్టుకున్నది 2006లో. అప్పటికి నాలుగే ఇళ్ళు. మిగతావన్నీ హద్దురాళ్ళు పాతిన స్థలాలు, కొట్టేసిన మామిడితోపు మోళ్ళు, అవతల వరిమళ్ళు. తర్వాత ఇళ్ళు పెరిగాయి గానీ ఎవరి గేటు వాళ్ళు వేసుకుని ఉండేవాళ్ళం. గాలివాన వెలిసేసరికి కరెంటు లేదు, మోటార్లు తిరగవు. మేడల మీద ట్యాంకులు ఖాళీ. మూడోనాడు ఎవరో అద్దె జనరేటరు సంపాదించారు. డీజిలుకి తలా ఇంత వేసుకున్నాం. దాన్ని తోపుడుబండి మీద పెట్టి ఇంటింటికీ తిప్పారు. ఇంటికి అరగంట. ట్యాంకు నిండేలోగా వీధిలోవాళ్ళందరి సెల్‌ఫోన్లూ ఆ ఇంట్లోనే ఛార్జింగు. బండి ఇంకో వీధిలో ఉండగా, పసిపిల్ల ఉన్న ఇల్లు ముందు అని మా ఆయన దాన్ని వెనక్కి మళ్ళించారు. ఎవరూ కాదనలేదు. పాలు రాని ఆ రోజుల్లో నేను రోజూ పెద్ద గిన్నెతో చోడి అంబలి కాచి పిల్లలకి పోశాను. నన్నడిగితే ఈ కాలనీ పుట్టినరోజు ఆ వారంలోనే ఎక్కడో ఉంది.

పై పోర్షన్ ఖాళీ అయి రెండు నెలలు. గేటుకి టులెట్ బోర్డు అలాగే వేలాడుతోంది. కింద "ఫ్యామిలీకి మాత్రమే" అని మా ఆయన రాయించినదే. అత్తగారు మంచంలో ఉన్నప్పుడు పైన నలుగురు కుర్రాళ్ళుండేవారు. రాత్రి రెండింటిదాకా వాళ్ళ గోలకి ఆవిడకి నిద్రుండేది కాదు. వాళ్ళు వెళ్ళాక రాయించారు.

అక్టోబరు 15, మంగళవారం. సిరిమాను పండగ.

ఇవాళ మా వీధిలో చుట్టాలు లేని ఇల్లు లేదు. గజపతినగరం, చీపురుపల్లి, బొబ్బిలి వైపు నుంచి నిన్న తొలేళ్ళ నాటికే దిగిపోయారు. వరండాల్లో చాపలు, తీగల మీద చీరలు, ఎవరి పిల్లలు ఎవరింట్లో తింటున్నారో లెక్కలేదు. మా అప్పా, మనవలూ వచ్చారు. మధ్యాహ్నం అందరం మూడు లాంతర్ల వైపు నడిచాం. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. వాటి వెనకాల పూజారిగారు కూర్చున్న చింతమాను. గుడి దగ్గర్నుంచి కోటకి మూడుసార్లు వెళ్ళి వస్తుంది. మాను దగ్గరకొచ్చేసరికి జనం మీంచి అరటిపళ్ళు ఎగిరాయి. చిన్న మనవడు నా భుజమెక్కుతానన్నాడు. నా మోకాళ్ళకి ఆ బలం లేదు. పక్కనున్న ఎవరో ముక్కూమొహం తెలియనాయన వాణ్ణెత్తి భుజాన కూర్చోబెట్టుకున్నాడు.

రాత్రి ఆఖరి బస్సుకి అంతా వెళ్ళిపోయారు. పదహారు కంచాలు కడిగి బోర్లించాను. ఇంట్లో గడియారం చప్పుడొకటే.

అక్టోబరు 20, ఆదివారం.

గేటు దగ్గర ఒకమ్మాయి నిలబడి బోర్డు చదివింది. చదివి వెనక్కి తిరిగింది. నేను మందారాలు కోస్తున్నాను. పిలిచాను.

పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు, కాంట్రాక్టు ఉద్యోగం. పెళ్ళి కాలేదు. సీతంపేట పైన కొండమీద ఊరు, సవర వాళ్ళు. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా. తండ్రి లేడు, తల్లి పోడు చేసుకుంటుంది. "పదకొండిళ్ళు తిరిగాను మేడం. ఒక్కదాన్నేనంటే గేటు దగ్గరే ఆపేస్తన్నారు. మీ ఊరేది అంటారు. చెప్పాక ఇల్లు ఇచ్చేశాం అంటారు" అంది. ఏడుపు లేదు, కోపం లేదు. రోగి జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పింది. నాకు కడుపులో దేవినట్టయింది. వచ్చే నెల నుంచి కాదు, రేపే వచ్చెయ్యమన్నాను.

సాయంత్రానికి కబురు వీధంతా పాకింది. ఎదురింటావిడ వచ్చి కూర్చుంది. "ఏటి టీచరుగారూ, ఒంటి ఆడపిల్లకి ఇచ్చేత్తన్నారంట? రేతిరి డూటీలు. ఏ జాములో వస్తాదో, ఎవులు దింపుతారో. పిల్లలున్న ఇళ్ళు కదా మనవి. ఆ పిల్లదేటి కులం?"

ఆవిడ మంచిది. మా ఆయన పోయినప్పుడు పదకొండు రోజులూ నాకు అన్నం పెట్టింది ఆవిడే. అందుకే ఆ మాట ఆ నోట వినడం మరీ కష్టమైంది. "పిల్లలున్న ఇళ్ళు కాబట్టే ఇచ్చాను వదినా. అర్ధరాత్రి డ్యూటీ దిగొచ్చే పిల్లకి దీపాలు వెలిగే వీధి కావాలి కదా" అన్నాను. కాఫీ సగం వదిలేసి వెళ్ళింది.

అక్టోబరు 21.

నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను. ప్రతి ఆగస్టు 29కీ బడిలో గిడుగు రామ్మూర్తిగారి పటానికి దండ వేయించి, వాడుకభాష కోసం ఆయన పోరాటం గురించి ఉపన్యాసం ఇచ్చాను. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారని పిల్లల చేత వల్లె వేయించాను. పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకోడానికి తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఆయన తన ఇంట్లోనే పెట్టుకున్నారని కూడా చెప్పేదాన్ని, పాఠం చివర, గంట కొట్టేలోగా. సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారని చెప్పేదాన్ని. వందేళ్ళు దాటిన ఆ మాట మీద మా వీధిలో ఎంతమంది నిలబడతారు? వీళ్ళలో నలుగురైదుగురు నా దగ్గర చదువుకున్నవాళ్ళే.

పొద్దున్నే బోర్డు విప్పేశాను. తిరగేసి నీళ్ళ గోలెం మీద మూత పెట్టాను.

అక్టోబరు 31. దీపావళి.

సందె వేళ పిల్లలు గోగుకాడలకి నూనెగుడ్డలు చుట్టుకుని గుమ్మాల్లో నేలకి కొట్టారు. మా మనవలుంటే వాళ్ళూ కొట్టేవారు, బెంగుళూరులో గోగుకాడలెక్కడివి. ఆ అమ్మాయి డ్యూటీ దిగి యూనిఫాంలోనే మెట్ల మీద కూర్చుని చూసింది. మూడిళ్ళ అవతలి చిన్నపిల్ల ఒక కాడ తెచ్చి చేతికిచ్చింది. వాళ్ళమ్మ గేటు దగ్గర్నుంచి చూస్తూనే ఉంది, పిలవలేదు.

నవంబరు 5. నాగుల చవితి.

మా వీధి చివరి ఖాళీ స్థలంలో పుట్ట ఉంది. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలయ్యాక ఇక్కడ స్థలాలకి ఎక్కడలేని ధర వచ్చింది. అయినా దాని ఆసామి అమ్మలేదు, కట్టలేదు. ఏడాదికి ఒక్క పూట అది అందరిదీ. పాలు, చలిమిడి, చిమ్మిలి. తడిబట్టలతో వరసలో నిలబడ్డాం. ఆ అమ్మాయి నా వెనక నిలబడింది. ఆమె వెనక నిలబడ్డవాళ్ళు రెండడుగులు ఎడం వదిలారు. అది చూశాను, రాసి పెట్టుకుంటున్నాను.

నవంబరు 17, ఆదివారం.

వచ్చే ఆదివారం వనభోజనాలు, రామతీర్థం దగ్గర తోటలో. చందా పుస్తకం పట్టుకుని కాలనీ సంఘం కుర్రాడు వచ్చాడు. కుటుంబానికి ఆరువందలు. పై పోర్షన్ ఎక్కడ రాశాడా అని వేలుపెట్టి వెతికాను. లేదు. మా ఇంటి నంబరు దగ్గర మా ఆయన పేరుంది. ఆయన పోయి ఏడేళ్ళు. ఏడేళ్ళుగా ఏటేటా ఆ పేరు పక్కన సంతకం పెడుతున్నాను. ఇవాళే కళ్ళకి ఆనింది.

"మేడ మీద అమ్మాయిని రాయలేదేం?"

"ఫ్యామిలీల లెక్క కదా టీచరుగారూ. ఆవిడ ఒక్కరే..."

"నేనూ ఒక్కదాన్నే కదా నాన్నా."

వాడు తలెత్తలేదు. ఏడో తరగతిలోనూ అంతే, తప్పు దొరికితే తల వంచేసేవాడు. కలం తీసి మా ఆయన పేరు కొట్టెయ్యబోయాడు. చెయ్యి పట్టుకున్నాను. "అదుండనీ. పక్కన నాది రాయి. కింద ఇంకో వరస గీసి ఆ అమ్మాయిది." రాశాడు. నలభై రెండున్న లెక్క నలభై మూడు చేశాడు. పన్నెండువందలూ నేనే ఇవ్వబోతే, పైనుంచి దిగొచ్చి తన ఆరువందలు తనే ఇచ్చింది.

2025 జనవరి 14. సంక్రాంతి.

నిన్న భోగిమంటకి వీధంతా లేచింది. రాసేంత విశేషం లేదు, పొగకి కళ్ళు మండడం తప్ప.

ఇవాళ ఆ అమ్మాయి తల్లి వచ్చింది. రెండు బస్సులు మారి, నెత్తిన కొండచీపుర్ల కట్ట, చంకలో పచ్చి పసుపుకొమ్ములు. చీపుర్లు అమ్మడానికి అనుకున్నాను. కాదు, కూతురున్న వీధిలో ఇంటికొకటి ఇవ్వడానికట. తల్లీకూతుళ్ళు గేటుగేటుకీ వెళ్ళారు. కొందరు గేటు బయటే తీసుకున్నారు. ఎదురింటావిడ లోపలికి పిలిచింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చేటప్పుడు ఆ తల్లి కొంగులో అరిసెలు.

మధ్యాహ్నం ముగ్గురం కూర్చున్నాం. పప్పు వడ్డించాను. ఆ తల్లి కంచం వైపు చూసి కూతుర్ని సవరలో ఏదో అడిగింది. "కందికొత్త పండగ ఇంకా అవ్వలేదు మా ఊళ్ళో. అది అయ్యేదాకా కొత్త కందులు ముట్టుకోం. ఈ పప్పు పాతదేనా అనడుగుతోంది అమ్మ."

లేచి వంటింట్లోకి వెళ్ళి డబ్బా దింపాను. అడుగున చీటీ పెట్టుకునే అలవాటు నాది. శ్రావణంలో కొన్నది. డబ్బా తెచ్చి ఆవిడకి చూపించాను.

"పాతదే వదినా."

అప్పుడు అన్నంలో చెయ్యి పెట్టింది.