చేతిలో చీమలు పాకుతున్నాయా?

ఫైటింగు సీనులో హీరో చేతికి తగిలిన దెబ్బ, తర్వాతి పాట వచ్చేసరికి మాయమైపోతుంది. మన చేతులకు అలాంటి దర్శకుడెవరున్నారు చెప్పండి!

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది మొదలు మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాల్లో లక్షలాది వేళ్లు కీబోర్డు మీదే బతుకుతున్నాయి. వాటిలో నా పదీ ఉన్నాయి. నేను ఫ్రీలాన్స్ విలేకరిని. రాస్తేనే డబ్బు! అలాంటిది, అర్ధరాత్రి కుడిచెయ్యి మొద్దుబారి మెలకువ రావడం మొదలైంది. విదిలిస్తే గానీ ప్రాణం వచ్చేది కాదు. ఓరోజు ఇంటర్వెల్లో టీ గ్లాసు వేళ్లలోంచి జారిపోయింది. గుండె గుభేలుమంది. ఈ చెయ్యి మొరాయిస్తే గది అద్దె ఎవరు కడతారు?

"తిమ్మిరే గదన్నా, ఓ విటమిన్ గోలీ ఏస్కో" అన్నాడు సాఫ్ట్‌వేర్ మిత్రుడు. డాక్టరుగారు మాత్రం "ఏ వేళ్లు?" అని అడిగారు. అసలు కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది!

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం అయితే మణికట్టులోని ఇరుకు సొరంగంలో మీడియన్ నరం నలుగుతున్నట్టు. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. చిటికెనవేలు, దాని పక్క సగం అయితే సాధారణంగా మోచేతి దగ్గర అల్నార్ నరం. మోచెయ్యి మడిచి గంటల తరబడి ఫోను చూసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వింటున్నారా? మెడ నుంచి చేతిలోకి జివ్వున లాగితే మెడపూసల దగ్గర చూడాలి. పాదాలు కూడా తిమ్మిరెక్కుతుంటే షుగరు, బి12 పరీక్షలు తప్పవు.

నాది మొదటి రకమని నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతుందో కొలిచే పరీక్షలో తేలింది. అలాగని టైపింగొక్కటే విలన్ కాదు. షుగరు, థైరాయిడ్ లోపం, గర్భం కూడా కారణం కావచ్చు. రాత్రిళ్లు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటున్నాను. హాయిగా నిద్రపడుతోంది. అశ్రద్ధ చేస్తే బొటనవేలి మొదట్లో కండ కరిగిపోతుంది. అప్పుడు ఆపరేషన్ చేసినా పాత బలం పూర్తిగా రాకపోవచ్చు.

ఇంకొక్క మాట. ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యి మొద్దుబారి, మూతి వంకరపోయి, మాట తడబడితే అది పక్షవాతం కావచ్చు. క్షణం ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి.

అభిమాన హీరోకు చప్పట్లు కొట్టాలన్నా ఆ రెండు చేతులే కదా దిక్కు! ఏమంటారు?