పాలపుంతను జూచి నడచు పురుగు

పేడను ఉండగా జుట్టి, తలక్రిందులై, వెనుకకాళ్లతో దానిని దొర్లించుకొనుచు పోవు పేడపురుగును చూడని పల్లెటూరివాడుండడు. కాని అది ఏ ఆనవాలు పట్టుకొని అంత తిన్నగా పోవుచున్నదని అడిగినవాడు అరుదు. స్వీడను దేశమందలి లుండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మరీ దాకె అను విదుషి, దక్షిణాఫ్రికావాసియైన మార్కస్ బర్న్ మొదలగు సహచరులతో గూడి, ఆ ప్రశ్నకు 2013లో ప్రకటించిన సమాధానము శాస్త్రములందు ప్రవేశములేని నావంటివానిని సయితము నిద్రపోనీయలేదు.

తిన్నగా పోవుట దానికి ప్రాణావసరము. పేడకుప్పకడ పోటీ మెండు. ఉండ చుట్టుటకంటె ఒకరు చుట్టినదానిని లాగుకొనుట సులభమని యెరిగిన సాటిపురుగులు అచటనే తచ్చాడుచుండును. వంకరపోయి మరల ఆ కుప్పకడకే చేరెనా, కష్టమంతయు పరులపాలు. అందుచేత ఉండపైకెక్కి, గుండ్రముగా తిరిగి, ఆకాశమును పరికించి మరీ బయలుదేరును. పగలు సూర్యుడు, వెన్నెలరాత్రులందు చంద్రుడు దానికి తోడు. చంద్రుడు లేని రాత్రులందును ఆ నడక చెడకుండుటయే చిక్కుప్రశ్న.

శాస్త్రజ్ఞులు పరిసరములేవియు కనబడకుండ గోడకట్టిన వృత్తాకారపు బరిలో పురుగును విడిచి, దాని నెత్తిన చిన్న అట్టటోపీ నమర్చిరి. ఆకాశము మరుగుపడగానే అది మెలికలు తిరిగి దారితప్పెను. పిదప పారదర్శకమైన టోపీ తొడిగిరి, తిన్నగనే పోయెను. ఈ రెండవ టోపీయే నా మనస్సును దోచుకొనినది. మొదటిదానితోనే సత్యము తెలిసెనని చాటియుండినను కాదనువారు మనలో లేరు. అయినను తమ సిద్ధాంతమునకు తామే ప్రతివాదులై, నెత్తిన బరువు వలన తడబడెనేమో యని యెదురుప్రశ్న వేసికొని, దానికి సమాధానము దొరకినగాని ముందడుగు వేయని ఆ నిజాయితీకి నేను చేతులెత్తి నమస్కరింతును. పిమ్మట జొహానెస్‌బర్గు నగరపు ప్లానెటేరియములోనికి పురుగులను గొనిపోయి, చుక్కలన్నింటిని ఆర్పి పాలపుంతను మాత్రమే నిలిపిరి. నిండు ఆకాశము క్రింద నడచినట్లే నడచినవి. మిక్కిలి కాంతిమంతములైన 18 నక్షత్రములను మాత్రము చూపినపుడు అంత చక్కగా నడువలేకపోయినవి. విడివిడి చుక్కలు కాక, ఆకసమున కడ్డముగా పరచుకొనిన ఆ వెలుగుచారయే వాటికి దిక్కన్నమాట. పాలపుంతను ఆధారముగా గొను జంతువొకటి కలదని నిరూపణమగుట అదియే ప్రథమము.

ఈ ప్రాణిని అల్పమనుటకు వీలులేదు. పశువుల పేడ పేరుకొని పచ్చికబయళ్లు పాడగుచుండగా, ఆస్ట్రేలియావారు గత శతాబ్దమున ఆఫ్రికానుండి పేడపురుగులను ప్రత్యేకముగా తెప్పించుకొనిరి; పేడను నేలలో పూడ్చి సారము పెంచునది అదియే.

అట్టిదానికి మనము చేయుచున్నదేమి? 2021లో వెలువడిన పరిశోధనలో, నగరపు మేడపైన విడిచిన పురుగులు తలయొక దిక్కునకు పోవుటకు మారుగా దీపములవైపే మరలినవి. దీపములు నేరుగా కనబడక నింగి మాత్రమే తెల్లబారినచోట దిక్కుతోచక తిరిగినవి. చుక్కలను జూచి జాము చెప్పిన మన తాతల ఆకాశము నేడు మన పట్టణములందును మాసిపోయినది. దీపములు మానుకొనవలెనని నేననుట లేదు. వీధిదీపమునకు పైన మూతవేసి వెలుగును నేలకు దించుటకు, అర్ధరాత్రి దాటిన పిదప అక్కరలేని దీపములను ఆర్పుటకు క్రొత్త శాస్త్రమేదియు కావలసినపని లేదు. పురపాలకసంఘము పూనుకొనిన చాలును.