సాగర గర్భాన అతుకుల బాట

ఓడ అనగానే మన మనస్సులో మెదిలేది రేవు నుండి రేవుకు సాగే ప్రయాణం. సరకు ఎక్కించుకొనడం, దించడం ఓడకు సహజధర్మం. కాని గమ్యం చేరడానికి గాక, తాను మోసుకొని వచ్చిన దానిని నడచిన దారి పొడవునా సముద్రపు అడుగున పరచిపోవడానికే పుట్టిన ఓడలు కొన్ని ఉన్నాయి. చమురును, సహజవాయువును మోసే ఉక్కు గొట్టాలను లోతు సముద్రంలో వేసే ఓడలవి. సాహిత్యం బోధించే మేము వీటిని గురించి వ్రాయబూనడం పాఠకులకు వింతగా తోచవచ్చు. కారణం మనవి చేస్తాము.

మా వద్ద బి.ఏ. రెండవ సంవత్సరంలో చదువు మానుకొన్న విద్యార్థి ఒకడు వెల్డింగు నేర్చి గల్ఫు దేశానికి వెళ్ళినాడు. అటు తరువాత అటువంటి ఓడ మీద పనికి కుదిరినాడు. సెలవులో వచ్చి మమ్మల్ని చూచినప్పుడు, "సార్, నేను ఏం పని చేస్తానో అమ్మీకి చెప్పలేకపోతున్నాను. ఇంట్లో ఉర్దూలో గాని, వీధిలో తెలుగులో గాని నాకు మాటలు దొరకడం లేదు. 'ఓడలో ఉంటాడు' అని మాత్రం అందరికీ చెబుతుంది" అన్నాడు. కొడుకు ఏ కష్టం చేసి డబ్బు పంపుతున్నాడో తల్లికి తెలియకపోవడం మాకు చిన్న విషయంగా తోచలేదు. ఇల్లు గడిపే కష్టాన్ని చెప్పలేనప్పుడు భాష ఎంత సంపన్నమైనా ఏమి ప్రయోజనం? ఆ తల్లికి అర్థమయ్యేటట్లు చెప్పడానికి మేము చేస్తున్న ప్రయత్నమిది.

ఆ ఓడ కడుపులో ఒక పొడుగాటి కార్ఖానా ఉంటుంది. సుమారు 12 మీటర్ల ఉక్కు గొట్టాలు అక్కడ ఒకదాని వెనుక ఒకటిగా వచ్చి నిలుస్తాయి. మొదటి మజిలీలో రెండు గొట్టాల అంచులు కలిపి తొలి అతుకు వేస్తారు. తరువాతి మజిలీలలో దానిపై వరుస వెంట వరుసగా లోహం నింపుతారు. ఆ మీదట ధ్వని తరంగాలతో పరీక్ష జరుగుతుంది. లోపం కనిపిస్తే అతుకును బాగు చేయవలె, లేదా కోసివేసి మళ్ళీ మొదలుపెట్టవలె. పరీక్షలో నెగ్గిన అతుకుకు తుప్పు పట్టకుండా పూత పూస్తారు. అన్ని మజిలీలలో పని ముగిసిన తరువాతనే ఓడ ఒక గొట్టం పొడవు ముందుకు జరుగుతుంది. వెనుక నుండి అంత మేర గొట్టం నీటిలోకి దిగుతుంది. రాత్రింబగళ్ళు ఇదే పని.

ఓడ వెనుక భాగాన వంపు తిరిగిన ఇనుప చట్రం ఒకటి సముద్రంలోకి చాచి ఉంటుంది. గొట్టం దాని మీదుగా వంగి దిగి, అడుగును తాకేచోట ఎదురు వంపు తిరుగుతుంది. ఆకారం ఆంగ్లాక్షరం 'ఎస్' వలె ఉండటం వలన ఆ పద్ధతికి ఆ పేరే వచ్చింది. ఎత్తయిన గోపురం నుండి దాదాపు నిలువుగా దించేది 'జె' పద్ధతి. గొట్టాన్ని దారపు ఉండ వలె పెద్ద చక్రానికి చుట్టి తెచ్చి విప్పేది మరొకటి. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1944లో, ఇంగ్లీషు చానల్ దాటించి సైన్యాలకు ఇంధనం పంపడానికి ఉక్కు గొట్టాన్ని తేలే పీపాకు చుట్టి వేసిన ప్రయత్నమే దీనికి పూర్వరంగం.

ఏ పద్ధతిలోనైనా ప్రాణం పట్టులో ఉన్నది. వ్రేలాడే గొట్టాన్ని యంత్రాలు బిగించి పట్టుకొని ఉంటాయి. పట్టు సడలితే అది బొప్పాయి కాడ వలె నలిగి మడత పడుతుంది. ఓడ స్థానం తప్పినా అంతే ప్రమాదం. మహాలోతులలో లంగరు వేసి నిలవడం సాధ్యం కాదు గనుక, ఉపగ్రహాల ద్వారా తన ఉనికి తెలుసుకొంటూ, అడుగు భాగాన ఉన్న చక్రాలను తిప్పుకొంటూ ఓడ తన చోట తాను నిలబడుతుంది.

2017, 2018 సంవత్సరాలలో రష్యా నుండి టర్కీకి నల్లసముద్రం అడుగున 'టర్క్‌స్ట్రీమ్' జంట గొట్టాలను వేసినారు. లోతైన భాగాన్ని వేసిన 'పయనీరింగ్ స్పిరిట్' ఓడ పొడవు 382 మీటర్లు, వెడల్పు 124 మీటర్లు. అందులో 571 మందికి వసతి ఉన్నది. గొట్టాలు దిగిన లోతు 2,200 మీటర్ల వరకు. పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున లెక్కిస్తే, ఖాళీ గొట్టాన్ని అక్కడ సుమారు 220 రెట్ల ఒత్తిడి నలుపజూస్తుంది. అందుకే ఆ ఉక్కు గోడ మందం 39 మిల్లీమీటర్లు.

మన తీరానికి కూడా ఈ విద్య చేరినది. 2009 ఏప్రిల్‌లో కృష్ణా-గోదావరి లోతు సముద్రం నుండి డి-6 క్షేత్రపు గ్యాసు గొట్టాల వెంట కాకినాడ సమీపాన గాడిమొగకు వచ్చింది. గొట్టం భద్రత ఎంత పెద్ద మాటో కూడా మన నేలకే తెలుసు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో భూమిలోని గ్యాసు గొట్టం పగిలి, మంటలలో ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. అది నేల మీది గొట్టమే. కాని మన కంట పడని గొట్టాన్ని నమ్ముకొని ఎందరు నిద్రపోతున్నారో ఆ తెల్లవారుజాము చెప్పింది.

మా విద్యార్థి అన్న మాట ఇక్కడ గుర్తుకు వస్తున్నది: "అతుకంతా నాది కాదు సార్. అందులో ఒక వరుస నాది. నాకు ముందు వేసినవాడిది ఏ దేశమో, వాడి భాష ఏమిటో తెలియదు. కాని వాడు సరిగా వేయకపోతే నా వరుస నిలవదు. నేను సరిగా వేయకపోతే నా తరువాతి వాడిది నిలవదు."

విద్యార్థి మిత్రులారా! తుపాను వస్తే ఆ ఓడ ఏమి చేస్తుందో కూడా మేము అడిగి తెలుసుకొన్నాము. గొట్టం చివరకు నీరు చొరకుండా గట్టి మూత బిగించి, ఉక్కు తాడు కట్టి, మెల్లగా సముద్రం అడుగున విడిచిపెడతారు. గాలి తగ్గిన తరువాత ఆ కొసను పైకి లాగి, ఆగినచోటి నుండి మరల అతుకు వేస్తారు. మీలో కొందరికి ఇంటి పరిస్థితుల వలన చదువు నడుమ ఆపవలసి రావచ్చు. ఆపక తప్పనినాడు కొస తెరచి విడువకండి. చదివినంత భద్రపరచుకొనండి, ధ్రువపత్రాలు దాచుకొనండి, ఉపాధ్యాయులతో సంబంధం తెంచుకొనకండి.

సెలవు ముగిసి వెళ్ళేముందు ఆ అబ్బాయి సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఏ. చేరడానికి దరఖాస్తు ఎట్లా నింపవలెనో మమ్మల్ని అడిగినాడు.