ఏ పనీ లేని సాయంత్రాలు



ప్రమోషన్లు, బదిలీల కాలం వచ్చింది. ఈ నెలలో ప్రార్థన కోసం మా ఇంటికి వచ్చిన వారిలో ముగ్గురు తెచ్చిన అంశం ఒక్కటే. ఒక టీచరమ్మకు స్కూల్ అసిస్టెంటుగా ప్రమోషన్ వచ్చేలా ఉంది, కానీ ఎక్కడో ఏజెన్సీ వైపు వేస్తారేమోనని భయం. ఒక తమ్ముడికి హైదరాబాదులో టీమ్ లీడరు పోస్టు ఇస్తామంటున్నారు, అంతా నైట్ షిఫ్టే. ఇంకొకరు బ్యాంకులో పని చేస్తున్నారు, మేనేజరు కావాలంటే రాష్ట్రం దాటి వెళ్ళాలి. ముగ్గురూ "దేవుని చిత్తం ఏమిటో కనిపెట్టండి అయ్యగారూ" అన్నారు. ప్రార్థన చేశాము, చేస్తూనే ఉన్నాము. అయితే ఇదే ప్రశ్న మా ఇంటికి వచ్చినప్పుడు మేమిద్దరం ఏ లెక్క వేసుకున్నామో కూడా చెప్పాలనిపించింది.

మూడేళ్ళ క్రితం వేసవిలో మా సంస్థ ఆఫీసు నుండి కాగితం వచ్చింది. విజయవాడలో ఉంటూ 42 పల్లె సంఘాలను చూసుకునే కోఆర్డినేటరు బాధ్యత. జీతం ఇప్పటికి రెండింతలు. ఇంటి అద్దె వాళ్ళదే, ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులో సగం కూడా వాళ్ళదే. నెలకు 18 రోజులు పర్యటన. మాలో ఒకరికి (ఎవరో మీకు తెలుసు, ప్రసంగం ఎక్కడ ఆపాలో తెలియని మనిషి) ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. రెండోవారు కాగితం చివరిదాకా చదివి, 18 అన్న అంకె మీద వేలు పెట్టి, ఏమీ అనకుండా లేచి వెళ్ళి పొయ్యి వెలిగించారు.

సేవలో ఉన్నవాళ్ళకు ఇందులో ఒక చిక్కు ఎక్కువ. ఉద్యోగస్థుడు ప్రమోషన్‌ను ప్రమోషన్ అనే అంటాడు. మేమైతే దానికి పరిచర్య విస్తరణ అని పేరు పెట్టుకోవచ్చు, స్టేజీ మీద సాక్ష్యంగా చెప్పుకోవచ్చు. అప్పుడు వద్దనడానికి ఎవరికీ నోరు రాదు, ముఖ్యంగా ఇంట్లో వాళ్ళకు.

ఆ రోజుల్లో మేము సమూయేలు మొదటి గ్రంథం చదువుతున్నాం. సమూయేలు ప్రతి సంవత్సరం బేతేలు, గిల్గాలు, మిస్పా తిరిగి న్యాయం తీర్చి, రామాలో ఉన్న తన ఇంటికి వచ్చేవాడు. అది ఏడో అధ్యాయం. ఎనిమిదో అధ్యాయం తెరవగానే ఆయన కొడుకులు యోవేలు, అబీయా బెయేర్షెబాలో లంచాలు తింటూ కనిపిస్తారు. తండ్రి తిరుగుళ్ళ వల్లే అలా అయ్యారని బైబిలు చెప్పలేదు, మేమూ చెప్పము. కానీ ఆ రెండు అధ్యాయాలు పక్కపక్కనే ఉన్నాయి, కాగితం మా బల్ల మీద ఉంది.

విలియం కేరీ గారి గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. శ్రీరాంపూర్ ప్రెస్సులో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది 1818లో, ఆయన కష్టం వల్లే. ఆయన భార్య డోరతీ పేరు ఎన్ని ప్రసంగాల్లో విన్నారు? 1793లో మొదట రానని, తర్వాత చంటిబిడ్డతో బయలుదేరి వచ్చిన మనిషి ఆమె. మరుసటి ఏడాదే ఐదేళ్ళ పీటరు చనిపోయాడు. ఆమెకు మతి చలించింది, 1807లో చనిపోయే వరకూ కోలుకోలేదు. ఆమె పక్క గదిలో కేకలు వేస్తుంటే ఈ గదిలో కేరీ గారి అనువాదం సాగేది. ఆయన్ను తప్పు పట్టే స్థాయి మాకు లేదు. ఆయన శ్రమకు గొప్ప ఫలం వచ్చింది. ఆ ఫలానికి వెల ఎవరు కట్టారో కూడా మన పిల్లలకు చెప్పాలని మాత్రం అంటున్నాం.

ఇక లెక్క. అప్పటికి మా అమ్మాయి ఏడో తరగతి పూర్తి చేసింది. మన ప్రాంతంలో పదో తరగతి అయ్యాక పిల్లలు ఇంట్లో ఉంటున్నారా? ఇంటర్‌కు విజయవాడో గుంటూరో హాస్టలు. తర్వాత ఇంజనీరింగ్ నాలుగేళ్ళు, ఆ పైన ఉద్యోగం, పెళ్ళి. పదో తరగతి దాటిన బిడ్డ ఇంటికి వచ్చేది చుట్టంగానే. అంటే మాకు మిగిలింది మూడేళ్ళు, 36 నెలలు. నెలకు 30 రోజుల చొప్పున 1,080 రాత్రులు. అందులో 648 పర్యటనకు పోతే ఇంటికి మిగిలేవి 432. కూడికలు, పెళ్ళిళ్ళు, మరణాలు ఇంకా తీయలేదు. జీతం తేడాను మేము నోటితోనే లెక్క కట్టాం గాని దీనికి కాగితం మీద గుణకారం చేయాల్సి వచ్చింది. చూసి చాలాసేపు మాట్లాడుకోలేదు. వారం ఉపవాసం ఉండి, రాలేమని వినయంగా ఉత్తరం రాశాం.

వద్దనుకున్నందుకు దేవుడు వెంటనే ఇంకో ద్వారం తెరిచాడని రాస్తే మీకు బాగుంటుంది. అలా ఏమీ జరగలేదు. ఆ బాధ్యత మాకంటే ఏడేళ్ళు చిన్నవాడైన సేవకుడికి ఇచ్చారు. మంచివాడు, బాగా చేస్తున్నాడు. మన మందిరానికి తనిఖీకి వచ్చినప్పుడు మేము లేచి కుర్చీ వేస్తాం. మోటారు సైకిలు అదే, వర్షానికి కారే వంటగది అదే. మా అబ్బాయి అయితే ఇప్పటికీ అడుగుతాడు, "విజయవాడ వెళ్ళుంటే నాకు క్రికెట్ కోచింగ్ ఉండేది కదా నాన్నా" అని. వాడికి చెప్పడానికి మా దగ్గర సరైన జవాబు లేదు.

అమ్మాయి అనుమతితో ఒక సంగతి చెబుతాం. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక మంగళవారం సాయంత్రం కరెంటు పోయింది. ముగ్గురం అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. ఏదో మాట మధ్యలో, తల ఎత్తకుండా, "రేపటి నుంచి బడికి వెళ్ళను" అంది. ఎందుకని గుచ్చి అడగలేదు. కాయలు అయిపోవచ్చేసరికి విషయం బయటికి వచ్చింది. కాలువ వంతెన దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు రెండు వారాలుగా వెంటపడుతున్నారు. ఎవరికైనా చెబితే ఫోటో ఏదో చేస్తామని బెదిరించారు. ఆ రెండు వారాల్లో ప్రతి రాత్రీ కుటుంబ ప్రార్థన చేశాం, ప్రార్థన అంశాలు ఉన్నాయా అని అడిగాం కూడా. ఏమీ లేవనే చెప్పింది. మర్నాడు హెడ్మాస్టరు గారితో, ఆ కుర్రాళ్ళ పెద్దవాళ్ళతో మాట్లాడాం. బడి మానలేదు.

పర్యటనలో ఉండి రాత్రి తొమ్మిదికి ఫోను చేసి "ఏంటమ్మా సంగతులు" అంటే ఆ మాట వచ్చేదా? రాదనే మా నమ్మకం. పిల్లలకు ఉన్న కాసేపూ బాగా ఇస్తే చాలు అని ఈ మధ్య చెబుతున్నారు. మాకు అది సరిపడలేదు. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో పిల్లలకు దేవుని మాటలు ఏ వేళల్లో నేర్పమన్నారో చూడండి. ఇంటిపట్టున ఉన్నప్పుడు, దారిలో, పక్క వేసుకునేటప్పుడు, నిద్ర లేచేటప్పుడు. ప్రత్యేకమైన వేళ ఒక్కటీ లేదు. (ఇంట్లోనే ఉండి ఫోనులోంచి తల ఎత్తని తండ్రులు మన వీధిలోనే ఉన్నారు. వాళ్ళు ఈ పేరాను తమకు అనుకూలంగా తీసుకోవద్దు.)

కువైటులో, దుబాయిలో పని చేస్తూ దీన్ని చదువుతున్న మా చెల్లెళ్ళకు ఒక మాట. మీ పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. మీరు వెళ్ళింది హోదా కోసం కాదు, అప్పు తీర్చడానికి, ఆడపిల్ల పెళ్ళికి. మా దగ్గర వద్దనుకోవడానికి ఒక కాగితం ఉంది, మీకు అదీ లేదు. ఈ రాతలో ఏ వాక్యమూ మీ మీద వేసిన నింద కాదు. మీ పిల్లలు ఆదివారం మా ఇంట్లోనే భోజనం చేస్తున్నారు, చేస్తూనే ఉంటారు.

అమ్మాయి ఈ జూన్‌లో హాస్టలుకు వెళుతోంది. ట్రంకు పెట్టె కొన్నాం, తాళం ఇంకా కొనాలి.

ప్రమోషన్ సంగతి ఉన్న ఆ మూడు కుటుంబాలు, అలాంటిదే ఇంకెవరికైనా ఉంటే వారూ, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కాసేపు ఆగండి. పిల్లలు ఏ తరగతిలో ఉన్నారు, కొత్త పోస్టులో నెలకు ఎన్ని రాత్రులు ఇంట్లో ఉంటారు, పెద్దవాళ్ళ వయసెంత, ఇవి ఒక కాగితం మీద రాసుకుని రండి. భార్యాభర్తలిద్దరూ రావాలి. పదేళ్ళు దాటిన పిల్లలుంటే వాళ్ళనూ తీసుకురండి, వాళ్ళనూ అడుగుదాం. మా అబ్బాయిని మాత్రం అడగొద్దు, వాడు తీసేసుకోమంటాడు.